పాలవెల్లి తల్లిని బతికించిన సంగతి

మరమగ్గాల సామ్రాజ్యానికి మహారాణి, మా అమ్మీ రిహానా బేగం గారి సముఖానికి,

నీ కూతురు ఒంగి సలాము చేసి, లేచి, రాసుకునే విన్నపం. ఇక్కడ నేను, నా గొడుగు, నువ్వు కట్టిచ్చిన నిమ్మకాయ ఊరగాయ జాడీ, ముగ్గురమూ క్షేమం. జాడీ మాత్రం కొంచెం చిక్కింది. అక్కడ నువ్వు, అబ్బా, తమ్ముడు ఉబేద్, మన రెండు మగ్గాలు క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పోస్టుమాన్ ఏకాంబరం గారు కవరును అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, "టీచరమ్మా, ఈసారి లావుగా ఉండాది. తిట్లు ఎక్కువున్నట్టుండాయి" అని సైకిలు దిగకుండానే తీర్పు చెప్పారు. ఈ ఊళ్ళో అమ్మ దగ్గర నుంచి ఉత్తరాలు అందుకునే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఆయనకు నా మీద ప్రత్యేకమైన అభిమానం. మిగతా అందరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. మన సంగతి ఆయనకు విడమరచి చెప్పాను. ముప్పై ఏళ్ళు నగరిలో మరమగ్గాల మోత మధ్య పనిచేసి మా అమ్మ చెవులు సెలవు పెట్టాయని, ఫోను ఎత్తి "హలో" అని, నేను నోరు తెరిచేలోపే "ఏమీ వినపడలా, బాగుండావు కదా, ఉంటా" అని పెట్టేస్తుందని, కాగితం మీదైతే ఎంత మెల్లగా చెప్పినా వింటుందని. "అదే మేలు" అన్నారాయన.

ఇక నీ ప్రశ్నలకు జవాబులు.

వేళకు తింటున్నానా అన్నావు. తింటున్నాను. రొయ్యల కూర, రొయ్యల వేపుడు, అవి రెండూ లేని రోజున రొయ్యపొట్టు. పులికాట్ ఒడ్డున ఉద్యోగం వచ్చినందుకు ఇంకో ఏడాదిలో నాకూ మీసాలు మొలిచి వెనక్కి ఈదడం వస్తుందేమో. నా పేరు వీళ్ళకు పలకడం వస్తుందా అన్నావు. ఉమ్మే హబీబా అని బోర్డు మీద ఎంత అందంగా రాసినా బడి మొత్తానికి నేను 'అబీబు టీచర్'నే. ఇంటామె ఎలా చూసుకుంటోంది అన్నావు. రంజాన్ నెలంతా తెల్లవారుజామున నాకంటే ముందు లేచి తలుపు తట్టింది. "నువ్వు లేస్తివో లేదోనని నాకు నిద్ర పట్టదే" అనేది. ఇంతకంటే ఏం రాయను.

పోయిన ఉత్తరంలో అక్షరాలు కోడి గీకినట్టు ఎందుకున్నాయి అన్నావు. దానికి జవాబుంది. కాస్త వెనక వస్తుంది, ఓపిక పట్టు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న నువ్వు ఎర్ర సిరాతో రాసింది. "పాలవెల్లి తల్లిని మొదటి పేజీలోనే ఎందుకు చంపినావు? ఆమె నీకేం చేసింది?"

శనివారం ఆఖరి పీరియడులో ఎనిమిదో తరగతికి నేను చెబుతున్న కథ మీ షెడ్డులో టీ వేళకు ఇంత కలకలం రేపుతుందని తెలిస్తే నీకు రాసి పంపేదాన్నే కాదు. పూర్వం ఈ సరస్సునేలిన ఒక రాజ్యం, ఉప్పు మోసే ఇంటిలో పదమూడేళ్ళ పాలవెల్లి, దొంగలెత్తుకుపోయిన రాజముద్ర కోసం ఆ పిల్ల ఒంటరిగా పడవలో ఏడు నీటికోటలు దాటడం, దారి చెప్పే కొంగ, అంతా నా సొంత పైత్యం. కానీ తల్లిని చంపిన నేరం మాత్రం నాది కాదు, సంప్రదాయానిది. తిరుపతిలో చదువుకున్న ఐదేళ్ళూ నేను అద్దెకు తెచ్చి చదివిన రాజుల కాలం నవలల్లో, మాయల మంత్రాల నవలల్లో, ధైర్యం గల ఏ ఆడపిల్లకూ తల్లి లేదు. పురిట్లో పోతుంది, కోట తగలబడి పోతుంది, కాకపోతే శాపం తగిలి రాయి అవుతుంది. తల్లి బతికుంటే ఏమవుతుందో ఆలోచించు. పిల్ల కత్తి పట్టుకుని గుర్రం ఎక్కబోతుంటే "యాడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తావు, ముందు తల దువ్వుకో" అంటుంది. నవల మూడో పేజీలో ఆగిపోతుంది. అందుకని రచయితలు ముందు ఆమెను సాగనంపి, తరువాత కలం పడతారు. నేనూ పెద్దల బాటలోనే నడిచాను.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. నీకంటే ముందే ఒప్పుకోని మనిషి ఇక్కడ ఒకతె ఉంది. లోహిత. ఎనిమిదో తరగతి, మూడో బెంచీ, పదమూడేళ్ళు. మిగతా పిల్లలు నోరు తెరుచుకుని కథ వింటుంటే ఈమె మాత్రం విచారణాధికారిలా కూర్చుంటుంది.

"పడవలో పాలవెల్లి ఒక్కతే పోయిందా టీచర్?"

"ఒక్కతే."

"గెడ యెవురు ఏసినారు?"

"తనే. గెడతో పడవ తోసుకుంటూ పోయింది."

"మల్ల వల యెవురు పట్టినారు?"

"వల లేదమ్మా. రాజముద్ర కోసం పోతోంది."

"అంత దూరం పోతా వల తీసకపోలేదా?" అని ఆశ్చర్యపోయి, తరువాత తీర్పు చెప్పింది. "ఒక్కతే పోయేది ధైర్యం కాదు టీచర్, తిక్క. ఈడ మొగోళ్ళు గూడా ఒక్కరే పోరు."

ఇప్పుడు నీకు ఈ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. సరస్సులో రొయ్యలు బాగా పడే తావులు కొన్నే ఉన్నాయి. అందుకని ఎవరికి తోచినట్టు వాళ్ళు వల వేయరు. ఇళ్ళ పేర్లు చీట్లు రాసి, తీసి, వంతులు కట్టుకుంటారు. దాన్ని పాడు అంటారు. వంతు వచ్చిన రోజు తెల్లవారగానే ఊరి పెద్ద కుప్పుస్వామి రేవులో నిలబడి ఆ ఇంటి పేరు మూడుసార్లు పిలుస్తారు. పడవలోంచి ఆ ఇంటివాళ్ళే పలకాలి. వంతును ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇస్తే బలమున్నవాళ్ళే అన్నీ పోగేసుకుంటారని. పడవలో ఇద్దరుండాలి. ఒకరు ఇంటివాళ్ళయితే చాలు, రెండో మనిషి ఎవరైనా పర్వాలేదు. వరసగా మూడు వంతులు పలక్కపోతే ఆ ఇంటి పేరు ఏడాది పాటు చీట్లలో ఉండదు.

లోహిత వాళ్ళ నాయన హరినాథ్ రేవులో జారిపడి మోకాలు విరిగి మంచంలో ఉన్నాడు. తల్లి మునిలక్ష్మికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. రెండు వంతులు పలకకుండా పోయాయి. మూడోదీ పోతే ఆ ఇంటికి ఏడాది పాటు వల లేదు. వల లేకపోతే లోహితకు బడి లేదు, రొయ్యలు వలిచే షెడ్డే.

ఇదంతా లోహిత తనలో తనే ఆలోచించుకుంది. పదకొండేళ్ళ దాకా నాయనతో పడవలో తిరిగిన పిల్ల. పెద్దమనిషయ్యాక మానిపించారు. ఒక సాయంత్రం కుప్పుస్వామి దగ్గరికి పోయి, "మా ఇంటి వంతు నేను పలకతాను తాతా" అంది. ఎవరో నవ్వుతూ, "ఇట్టాంటివి నీకు యెవురు నేర్పిచ్చినారే" అంటే, "పాలవెల్లి" అని చెప్పింది.

అలా నాకు వలల కొట్టం నుంచి పిలుపు వచ్చింది.

ఇక్కడి నుంచి షెడ్డులో పైకి చదవకు అమ్మీ. గొంతు తగ్గించి చదువు. నువ్వు గొంతు తగ్గించాననుకునేది నగరి రైల్వే స్టేషను దాకా వినబడుతుంది కాబట్టి, అసలు మనసులోనే చదువుకో.

కొట్టంలో పదిమంది మగవాళ్ళు వలలు బాగుచేస్తున్నారు. కుప్పుస్వామి చాలా మర్యాదగా అడిగారు. "టీచరమ్మా, ఈ పాలవెల్లంటే యెవురు? యే ఊరి బిడ్డ?"

"అది కథండీ."

"కతంటే, జరిగిందేనా?"

"లేదండీ."

"మల్ల బిడ్డ నమ్మిందే."

చిన్నబ్బ అని ఒక వదరుబోతు ఉన్నాడు. "రేపు కొంగ మాట్లాడతాదని గూడా నమ్మతారులే మామా" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను అమ్మీ. నవ్వి, "ఊరికే పొద్దుపోవడానికి చెప్పిన కథండీ. అలాంటి పిల్లలు నిజంగా ఎక్కడుంటారు" అన్నాను. ఉద్యోగం కొత్త, ఊరు వాళ్ళది, ఇల్లు వాళ్ళది, నేను ఒక్కదాన్ని. కారణాలు ఇన్ని చెప్పగలను. ఐదు నీటికోటల ముందు పాలవెల్లి చేత బెదరకుండా మాట్లాడించినదాన్ని, ఒక కొట్టంలో పది నిమిషాలు నిలబడలేకపోయాను.

బయటికి వస్తే లోహిత గుమ్మం పక్కనే ఉంది. అంతా వింది. శనివారం నేను గొంతు సవరించుకుని "ఆరో నీటికోట" అని మొదలుపెట్టగానే మూడో బెంచీ నుంచి మెల్లగా చెప్పింది. "లేని పిల్ల కత మనకెందుకు టీచర్. లెక్కలు చేసుకుంటాము." తరగతి మొత్తం లెక్కల పుస్తకాలు తీసింది. శనివారం ఆఖరి పీరియడులో ఎనిమిదో తరగతి తనంతట తాను లెక్కలు చేయడం ఈ దేశ విద్యాచరిత్రలో అదే మొదటిసారి అయివుంటుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆదివారమంతా నువ్వు గుర్తొచ్చావు. ముఖం కాదు, నీ వీపు. నేను మూడో తరగతిలో ఉండగా బడి నుంచి రాగానే నీ వెనక పీట వేసుకుని కూర్చునేదాన్ని గుర్తుందా? ముందు మగ్గం నువ్వు చూసుకునేదానివి, వెనక మగ్గానికి నేను కాపలా. పడుగులో పోగు తెగితే నీకు వినపడదు, నేను నీ భుజం తట్టాలి. తట్టకపోతే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది. అబ్బా రెండు మూడుసార్లు అన్నారు, "ఈ బుడ్డదాన్ని నమ్ముకుంటావా" అని. "దాని కళ్ళే నా చెవులు" అని నువ్వు పనిలో పడిపోయావు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నిద్రపోయానేమో అని కూడా చూడలేదు. అందుకే నేను నిద్రపోలేదు. ఒక్కసారి పోయాను, ఆ గుడ్డతో ఉబేద్‌కు లాగూలు కుట్టించాం, అది వేరే విషయం.

నాకు ధైర్యమంటూ కాస్త ఉంటే అది నీ వీపు చూస్తూ సంపాదించుకున్నదే. దానికి నేనెప్పుడూ నీకు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నన్ను అలాగే నమ్మిన పిల్లకు నేనేం చేశానో కూడా ఆ రోజే అర్థమైంది.

సోమవారం బడి వదలగానే వాళ్ళ ఇంటికి పోయాను. హరినాథ్ కట్టు కట్టిన కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. మునిలక్ష్మి కష్టపడి లేచి నాకు పీట వేసింది. లోహిత వల ముడులు వేస్తూ తల ఎత్తలేదు.

"కొట్టంలో నేను అబద్ధం చెప్పాను లోహితా" అన్నాను.

"ఏది అబద్దం? కొంగ మాట్లాడేదా?"

"అలాంటి పిల్లలు ఉండరనడం."

ముడి వేసే చెయ్యి ఆగింది.

"గురువారం మీ వంతుకు పడవలో రెండో మనిషిగా నేను వస్తాను" అన్నాను.

అప్పుడు తల ఎత్తి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "ఈత వచ్చునా?"

"రాదు."

"గెడ ఎయ్యను?"

"రాదు."

"మల్లేం వచ్చును?"

"ఎం.ఏ. తెలుగు. బి.ఇడి. కూడా."

మునిలక్ష్మి పొట్ట పట్టుకుంది. "నవ్వించొద్దు టీచరమ్మా, ఈడనే కాన్పయిపోతాది." హరినాథ్ మాత్రం నవ్వలేదు. "నా బిడ్డకి నీళ్ళు తెలుసు టీచరమ్మా. మీకు నా బిడ్డ తెలుసునా? అది కూర్చోమంటే కూర్చోవాల, లెయ్యమంటే లెయ్యాల. ఆడ అదే టీచరు."

"తెలుసు" అన్నాను.

అక్కడి నుంచి నేరుగా కొట్టానికి పోయాను. అదే పదిమంది, అదే చిన్నబ్బ. "మొన్న తప్పు చెప్పాను. అలాంటి పిల్ల ఉంది. హరినాథ్ ఇంట్లో ఉంది. గురువారం వంతు పలుకుతుంది, రెండో మనిషిని నేను" అన్నాను. కుప్పుస్వామి చేతిలో వల పక్కన పెట్టారు. "పిలిచేది నా పని. పలికేది ఆ ఇంటోళ్ళ పని. పలికినాక కాదనేదానికి నేనెవురు" అన్నారు.

గురువారం తెల్లవారేసరికి ఊరు మొత్తం రేవులో ఉంది. పడవలో ముందు లోహిత నిలబడింది, వెనక నేను పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కుప్పుస్వామి పిలిచారు. "హరినాథు ఇల్లూ." లోహిత పలకలేదు. రెండోసారి పిలిచారు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. అంతమంది కళ్ళు చూసి ఆ పిల్లకు నోరెండిపోయింది. నేను పలకడానికి వీల్లేదు, ఆ ఇంటిదాన్ని కాదు. అందుకని నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన పని చేశాను. లేచి, వెనక నుంచి భుజం తట్టాను.

మూడో పిలుపు పూర్తి కాకముందే, "ఉండాం తాతా" అని పలికింది. ఒడ్డున ఎవరూ నవ్వలేదు.

నీటి మీద నా ఉద్యోగం తేలికే. వల తాడు కొస పట్టుకుని ఒడ్డు వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. "వెనక్కి చూడొద్దు టీచర్, పడవ ఒరుగుతాది. ఇడిసిపెట్టమని నేను చెప్పేదాకా ఇడవద్దు" అంది. చూడలేదు, విడవలేదు. కాసేపటికి గాలి లేచింది, తాడు ఒక్క గుంజు గుంజింది, నేను తాడుతో సహా సరస్సులో పడ్డాను. ఇక పోయాననుకుని కలిమా చదివేశాను అమ్మీ. ఉబేద్‌కు నా పుస్తకాలన్నీ రాసిచ్చేశాను. అప్పుడు లోహిత గొంతు వినబడింది. "లేసి నిలబడు టీచర్."

నిలబడ్డాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి.

దూరంగా ఇంకో పడవలోంచి చిన్నబ్బ, "టీచరమ్మా, తానం అయిందా?" అని అరిచాడు. తాడు మాత్రం నా చేతుల్లోనే ఉంది. ఆ రోజు రెండు గంపల నిండా రొయ్యలు పడ్డాయి. హరినాథ్ ఇంటి పేరు చీట్లలో నిలిచింది.

రెండు అరచేతులూ తాడు కోసుకుని తోలు లేచిపోయాయి. పోయిన ఉత్తరం ఆ చేతులతో రాసిందే. పెన్ను మంచిది కాదని రాశాను. ఆ పెన్ను బంగారం లాంటిది, పాపం దాని మీద నింద వేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను ఇక్కడికి పంపేటప్పుడు నువ్వు ఒకే ఒక్క మాట అడిగావు. "ఈత రానిదానివి, పడవ మాత్రం ఎక్కొద్దు." సరేనని నీ చేతిలో చెయ్యి వేశాను. గురువారానికి మూడు రోజుల వ్యవధి ఉంది. ఉత్తరం రాస్తే అందదని నాకు నేను చెప్పుకున్నాను. ఉబేద్‌కు ఒక్క ఫోను చేస్తే కాగితం మీద రాసి నీకు చూపించి, అదే నిమిషంలో జవాబు చెప్పేవాడు. చేయలేదు. నువ్వు వద్దంటావని. మూడేళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా నన్ను నమ్మిన మనిషి ఈసారి నమ్మదని, నిన్ను అడగకుండానే నేను తీర్పు రాసేసుకున్నాను. ఆ పడవ ఎక్కేటప్పుడు నేనూ నా తల్లిని మొదటి పేజీలోనే చంపేశాను అమ్మీ, కథ ముందుకు పోవాలని. నీ ఎర్రసిరా ప్రశ్నకు అసలు జవాబు ఇది. మన్నించు అనడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అంటున్నాను.

మొన్న శనివారం తరగతిలో ముందుగా ఈ తప్పు సరిదిద్దాను. పాలవెల్లి తల్లి బతికే ఉందని ప్రకటించాను. "చచ్చిపోయిందని చెప్పినారు కదా టీచర్" అని ఒకడు లేచాడు. లోహిత వాడిని కూర్చోబెట్టింది. "సావలేదురా. ఉప్పు అమ్మను సంతకు పోయుండాది. టీచరు సరిగా సూడలా." ఆరో నీటికోటకు పాలవెల్లి తల్లితో చెప్పి బయలుదేరింది. తల్లి దారికి చద్ది కట్టింది, ఎవరి పడవలో పోతున్నావని అడిగింది, తల దువ్వింది. కథ ఏమీ ఆగలేదు. నవలలు రాసేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మునిలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. హరినాథ్ కర్ర పట్టుకుని గడప దాకా వస్తున్నాడు, పడవలో నిలబడడానికి ఇంకో మూడు నెలలు పడుతుందట. వాళ్ళ తరువాతి వంతు ఇరవై మూడో తారీఖు. నేను మళ్ళీ వస్తానని చెప్పడానికి నిన్న పోయాను. మాటల్లో, నీకు చెప్పకుండా పడవ ఎక్కిన సంగతి నోరు జారాను. లోహిత బిడ్డను ఊపుతున్న చెయ్యి ఆపి నన్ను అలాగే చూసింది.

"మీ అమ్మకి తెలీదా?"

"తెలీదు."

"ఆ పొద్దు తెలిసుంటే ఎక్కిచ్చుకునే దాన్నే కాదు టీచర్. నువ్వు మునిగిపోయుంటే మీ అమ్మకి నేనేమని చెప్పాల?" అంది. "అడిగి రా. అడక్కుండా రావాకు."

కాబట్టి అడుగుతున్నాను. ఇరవై మూడున నేను పడవ ఎక్కనా? ఔనంటే ఔను, కాదంటే కాదు, ఒక్క ముక్క రాయి. నువ్వు కాదంటే చిన్నబ్బ వస్తానన్నాడు, వాళ్ళ వంతు పోదు, అందుకని మొహమాటం పెట్టుకోకు. కాదని రాస్తే నేను ఒడ్డునే ఉంటాను, నా మాట నమ్ము. నమ్మమని అడిగే హక్కు ఇప్పుడు నాకు కొంచెం తక్కువగా ఉందని తెలుసు. అబ్బాకు నువ్వే చెప్పు, ఎప్పుడు ఎంత చెప్పాలో నీకు తెలుసు.

ఏకాంబరం గారితో మాట్లాడాను. నీ కవరు రాగానే ముందు బడికే తెస్తానన్నారు. లోహిత పడవలో రెండో మనిషి చోటు అంతవరకూ ఎవరికీ ఇవ్వనంది.

ఇట్లు,
జవాబు వచ్చేదాకా నేల మీదే నిలబడి ఉండే
నీ కూతురు
హబీబా